డీ అండ్ డీ కొత్తగా మొదలుపెట్టే డీఎం ముందు ఏం కొనాలి? నా జవాబు: అడ్వెంచర్

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీతో కలిపి ఐదుగురు ఫ్రెండ్స్, డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ, అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్రై డైస్ వేస్తూ కథ నడిపే ఆట) ఎవరూ ఎప్పుడూ ఆడలేదు, డీఎంగా (డంజన్ మాస్టర్, అంటే కథ చెబుతూ ఆట నడిపే మనిషి) మీరే కూర్చోబోతున్నారు. మూడు కోర్ పుస్తకాలూ (ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, డంజన్ మాస్టర్స్ గైడ్, మాన్‌స్టర్ మాన్యువల్) కొనాల్సిందేనా, వాటికి డబ్బు పెట్టాక ఏ అడ్వెంచర్‌తో (ఆడించడానికి ముందే రాసిపెట్టిన కథతో) మొదలుపెట్టాలి అని అడిగారు.

మూడూ ఇప్పుడే కొనకండి. ముందు ఒక మంచి అడ్వెంచర్ ఎంచుకోండి. దాన్ని ఆడించడానికి ఎంత అవసరమో అంతవరకే రూల్స్ తెచ్చుకోండి. హైదరాబాద్‌లో మా ఫ్రెండ్స్‌కి కొన్నేళ్లుగా నేనే డీఎంని, పూర్తిగా కొత్తవాళ్లతో కూడా చాలాసార్లు ఆడించాను. మొదలుపెట్టిన కొన్నాళ్లకే ఆగిపోయిన గ్రూపులను దగ్గరగా చూశాను. అలాంటి గ్రూపుల షెల్ఫులో రూల్ పుస్తకాలన్నీ ఉండేవి. "ఇప్పుడు ఎక్కడికి వెళ్దాం, ఎందుకు వెళ్దాం?" అని ప్లేయర్లు అడిగినప్పుడు చెప్పడానికి డీఎం దగ్గర కథ ఉండేది కాదు. కథ నిలబడితే రూల్స్ ఆడుతూ నేర్చుకోవచ్చు.

రూల్స్ సంగతికొస్తే, ఈ ఆట ఇంజన్ మొత్తం చట్టబద్ధంగా ఉచితం. 2023 జనవరిలో ఈ రూల్స్‌ని ఇతరులు వాడుకునే లైసెన్స్ మార్పుల మీద ఆటగాళ్లు పెద్ద ఎత్తున వ్యతిరేకత చూపించాక, ఆటను ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వెనక్కి తగ్గి సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్‌ను (ఆట మూల రూల్స్ ఉన్న పత్రాన్ని) ఎవరైనా ఉచితంగా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదల చేసింది. 2024లో సవరించిన రూల్స్‌కి సరిపడే 5.2 వెర్షన్ 2025 ఏప్రిల్‌లో వచ్చింది. పన్నెండు క్లాసులూ (విజార్డ్, వార్లాక్ లాంటి పాత్ర రకాలు) అందులో ఉన్నాయి, కాకపోతే ఒక్కో క్లాసుకి ఒక్క సబ్‌క్లాసే (ఆ రకంలో ఒక శాఖ). స్పెల్స్ (మంత్రాలు), వందల కొద్దీ రాక్షసులు కూడా ఉన్నాయి. పైరసీ పీడీఎఫ్‌ల కోసం వెతకాల్సిన పనే లేదు. దాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవాలని మాత్రం కూర్చోకండి, అది చదువుకోవడానికి రాసిన పుస్తకం కాదు. అబిలిటీ చెక్ (ఒక పని కుదిరిందా అని డైస్ వేయడం), సేవింగ్ త్రో (ప్రమాదం తప్పిందా అని), అటాక్ రోల్ (దెబ్బ తగిలిందా అని), అడ్వాంటేజ్, డిసడ్వాంటేజ్ (డైస్ రెండుసార్లు వేసి పెద్దదో చిన్నదో తీసుకోవడం) అర్థమైతే మొదటి సెషన్‌కి చాలు.

ఒకే ఒక్క రూల్ పుస్తకానికి డబ్బుంటే అది ప్లేయర్స్ హ్యాండ్‌బుక్. అది డీఎం కోసం కాదు, టేబుల్ కోసం. 2024 ముద్రణలో 384 పేజీలు, క్లాసుకి నాలుగు చొప్పున 48 సబ్‌క్లాసులు, ఇంకా బోలెడు బొమ్మలు. ఒక కాపీ టేబుల్ మధ్యలో పెట్టి చూడండి, ప్లేయర్లు దాన్ని చేతులు మార్చుకుంటూ "నేను వార్లాక్, ఇది నా ప్యాట్రన్ (నాకు మంత్రశక్తి ఇచ్చే శక్తి)" అని కలలు కనడం మొదలుపెడతారు. ఉచిత పీడీఎఫ్ ఆ పని చేయలేదు. మీ ఐదుగురికీ ఒక కాపీ సరిపోతుంది, డబ్బు పంచుకోండి. డంజన్ మాస్టర్స్ గైడ్‌లో కొత్త డీఎంకి పనికొచ్చే సలహాలు నిజంగానే ఉన్నాయి, 2024 ముద్రణలో అయితే ఐదు చిన్న అడ్వెంచర్లు కూడా ఇచ్చారు. అయినా మొదటి అడ్వెంచర్ పూర్తయ్యేదాకా అది లేకపోయినా గడుస్తుంది. మాన్‌స్టర్ మాన్యువల్ మీరు సొంతంగా కథలు అల్లడం మొదలుపెట్టినప్పుడు కొనండి. కొత్తవాళ్ల కోసం చేసిన బాక్సుల్లో ఆ కథకి కావలసిన రాక్షసుల వివరాలు కథతోపాటే ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయం, అడ్వెంచర్. కొత్త డీఎం ఎవరడిగినా నేను చెప్పే పేరు లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్. 2014లో ఐదో ఎడిషన్ స్టార్టర్ సెట్‌తో వచ్చింది, 1 నుంచి 5వ లెవెల్ దాకా నడుస్తుంది (లెవెల్ అంటే హీరోలు పెంచుకుంటూ పోయే బలం స్థాయి). (మీ ప్లేయర్లు ఎవరైనా ఇది చదువుతుంటే తర్వాతి రెండు పేరాలు వదిలేయమనండి. తెలియకుండా ఆడితేనే బాగుంటుంది.)

గండ్రెన్ అనే మరుగుజ్జు వ్యాపారి సామాన్ల బండిని ఫాండలిన్ అనే చిన్న ఊరికి చేర్చమని హీరోలను పెట్టుకుంటాడు. దారిలో చచ్చిపడిన రెండు గుర్రాలు కనిపిస్తాయి, పొదల్లోంచి నలుగురు గాబ్లిన్లు (పొట్టి రాక్షసులు) మీద పడతారు. చూడటానికి చిన్న గొడవలా ఉంటుంది కానీ 1వ లెవెల్ విజార్డ్ రెండు బాణాలకే పడిపోతాడు. ఆ టెన్షన్ మంచిదే. హీరోలు అందరూ ఓడిపోతే గాబ్లిన్లు వాళ్లను చంపకుండా, స్పృహ లేని స్థితిలో వదిలేసి బండి దోచుకుపోతారని అడ్వెంచర్‌లోనే రాసి ఉంది. ఓడినా కథ ఆగదన్నమాట. మొదటి సెషన్‌కి ముందు ఆ వాక్యాన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి, మీ సగం భయం పోతుంది. ఆ తర్వాత వచ్చే గుహ నా దృష్టిలో కొత్తవాళ్లకి దొరికే మంచి పాఠశాల. అందులో ఒక గాబ్లిన్ గండ్రెన్‌తో వచ్చిన సిల్డార్‌ను బందీగా పట్టుకుని బేరానికి దిగుతాడు: "మా నాయకుడిని చంపండి, ఇతన్ని వదిలేస్తాను." అంతసేపూ కత్తి తిప్పడమే ఆట అనుకున్న ప్లేయర్లు అక్కడ ఒక్కసారిగా ఆగిపోతారు. ఒకరు నమ్ముదామంటారు, ఇంకొకరు మోసం చేద్దామంటారు. మీరు చేయాల్సిందల్లా నోరు మూసుకుని వాళ్ల వాదన వినడమే. ఈ ఆట అంటే ఏమిటో వాళ్లకి అక్కడే తెలుస్తుంది.

ఊరికి చేరాక రెడ్‌బ్రాండ్స్ అనే రౌడీ ముఠా, ఆ తర్వాత మ్యాప్ మొత్తం తెరుచుకుంటుంది. ఎటు వెళ్లాలో ప్లేయర్ల ఇష్టం. థండర్‌ట్రీ అనే పాడుబడ్డ ఊళ్లో ఒక పచ్చ డ్రాగన్ ఉంటుంది. దాని హిట్ పాయింట్లు (ఎన్ని దెబ్బలు తట్టుకోగలదో చెప్పే అంకె) 136. మూడో లెవెల్ పార్టీ ఎదురెళ్లి కొడితే బతకడం కష్టం. అది అక్కడుందని ముందుగానే జాడలు చూపించండి, మాట్లాడే అవకాశం ఇవ్వండి, పారిపోయే దారి కూడా ఉంచండి. "గెలవలేని శత్రువు కూడా ఈ లోకంలో ఉంటాడు" అన్నది వాళ్లే కనుక్కోవాలి, మీరు చెప్పకూడదు.

ఆ పాత బాక్స్ ఇప్పుడు ముద్రణలో లేదు. అదే కథ 2023లో వచ్చిన ఫాండెల్వర్ అండ్ బిలో పుస్తకంలో మొదటి భాగంగా ఉంది, దాన్ని 12వ లెవెల్ దాకా పొడిగించారు. పొడిగించిన భాగం నాకంతగా నచ్చలేదు. ఊరి మనుషుల మీద అప్పటిదాకా పెంచుకున్న ఇష్టం పక్కకి పోయి, వరుసగా నేలమాళిగల్లో పోరాటాలు మిగులుతాయి. అయినా మొదటి సగం కోసమే కొనొచ్చు. సెకండ్ హ్యాండ్‌లో పాత బాక్స్ దొరికితే ఇంకా మంచిది, రూల్స్ సన్నని పుస్తకంగా, ఐదు రెడీమేడ్ క్యారెక్టర్లు, డైస్‌తో సహా వస్తాయి. మీరు డీఎం కాబట్టి మిగతా నలుగురికీ ఆ క్యారెక్టర్లు సరిపోతాయి.

ఆడించే పద్ధతి గురించి ఒక్క మాట. అడ్వెంచర్లలో డీఎం గట్టిగా చదవాల్సిన పేరాలు పేజీలో గడి కట్టి వేరుగా ఇస్తారు. మా టేబుల్ దగ్గర వాటిని నేను ఇంగ్లీషులో చదవను. సెషన్‌కి ముందు ఒకసారి చదువుకుని, పుస్తకం మూసేసి, తెలుగులో నా మాటల్లో చెబుతాను. అటాక్, స్పెల్, హిట్ పాయింట్లు లాంటివి ఇంగ్లీషులోనే ఉంచుతాం, మనుషులు మాత్రం తెలుగులో మాట్లాడతారు. సిల్డార్‌ని మావాళ్లు మొదటి రోజే "బాబాయ్" అన్నారు, అప్పటినుంచి అతనికేమైనా అయితే ఊరుకునేవాళ్లు కాదు. ఇంగ్లీషులో యాక్టింగ్ చేయడానికి మొహమాటపడే ప్లేయర్ తెలుగులో గాబ్లిన్‌తో బేరమాడటం మొదలుపెడితే ఆపడం కష్టం. మీ గ్రూపులో అలాంటివాళ్లు ఒక్కరున్నా ఇలా చేసి చూడండి.

ఫాండెల్వర్ దొరకకపోతే 2025 సెప్టెంబర్‌లో వచ్చిన హీరోస్ ఆఫ్ ది బోర్డర్‌ల్యాండ్స్ స్టార్టర్ సెట్ తీసుకోండి. 2024 రూల్స్‌కి చేసింది, క్యారెక్టర్లు కార్డుల రూపంలో ఉండటం వల్ల షీట్ నింపే తలనొప్పి లేదు. 2022 నాటి డ్రాగన్స్ ఆఫ్ స్టార్మ్‌రెక్ ఐల్ చిన్నది, 3వ లెవెల్‌కే అయిపోతుంది. కొన్ని వారాంతాల్లో ముగించాలనుకుంటే అది సరిపోతుంది. మీ ఐదుగురూ ప్రతి వారం కుదరరనుకుంటే 2019 ఎసెన్షియల్స్ కిట్‌లోని డ్రాగన్ ఆఫ్ ఐస్‌స్పైర్ పీక్ చూడండి. ఊళ్లో నోటీసు బోర్డు మీద పనులుంటాయి, ఒక్కో పని దాదాపు ఒక్కో సెషన్. ఎవరొస్తే వాళ్లతో ఆడుకోవచ్చు. ఒక్క ప్లేయరే వచ్చినా తోడుగా సైడ్‌కిక్‌ని ఇచ్చి ఆడించే రూల్స్ అందులో ఉన్నాయి. మొదట్లోనే ఒక మాంటికోర్ (సింహం ఒళ్లు, రెక్కలు ఉన్న మృగం) ఎదురవుతుంది. దాన్ని తిండి పెట్టి పంపించొచ్చన్న సంగతి ప్లేయర్లకి తట్టేలా చూడండి, కొట్టడానికే దిగితే ప్రాణాలు పోతాయి.

ఆ తర్వాత ఏంటంటే, పెద్ద క్యాంపెయిన్ (చాలాకాలం సాగే కథ) పుస్తకాల జోలికి వెంటనే వెళ్లొద్దు. కర్స్ ఆఫ్ స్ట్రాడ్ (2016) నాకు చాలా ఇష్టం. మొదట్లో తీసే కార్డుల జోస్యాన్ని బట్టి నిధులు ఎక్కడున్నాయో మారిపోతుంది, అందుకే ఏ రెండు గ్రూపుల కథా ఒకేలా ఉండదు. కానీ 10వ లెవెల్ దాకా నడిచే భయంకరమైన కథ, అందులో పిల్లలకి జరిగే ఘోరాలు కొందరు తట్టుకోలేరు. ముందు ప్లేయర్లతో కూర్చుని ఏది వద్దో అడిగి తెలుసుకున్నాకే అది. దానికంటే ముందు టేల్స్ ఫ్రమ్ ది యానింగ్ పోర్టల్ అనే అడ్వెంచర్ల సంకలనంలోని సన్‌లెస్ సిటడెల్ ఆడించండి. 3వ లెవెల్ దాకానే అయినా, డ్రాగన్ పిల్లని పోగొట్టుకుని ఏడ్చే మీపో అనే కోబోల్డ్‌ని (పొట్టి బల్లిలాంటి జీవిని) మీ ప్లేయర్లు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు.

జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటడెల్ (2022) కూడా మీ లిస్టులో ఉండాలని గట్టిగా చెబుతాను. పదమూడు చిన్న అడ్వెంచర్లు, వేర్వేరు సంస్కృతుల మూలాలున్న రచయితలు రాసినవి. కోల్‌కతాలో పుట్టిన మిమీ మండల్ రాసిన ఇన్ ది మిస్ట్స్ ఆఫ్ మణివర్ష అందులో ఒకటి, బెంగాల్ ఛాయలున్న శంఖభూమి అనే నదుల దేశంలో జరుగుతుంది. అది 9వ లెవెల్‌ది కాబట్టి అక్కడికి చేరడానికి టైం పడుతుంది. ఈలోపు మొదటి అడ్వెంచర్ సాల్టెడ్ లెగసీ ఆడించండి. రాత్రి బజారు, పోటీలు, గొడవపడే రెండు కుటుంబాలు. కత్తి దూయకుండానే సెషన్ గడిచిపోవచ్చు.

జనథార్స్ గైడ్, టాషాస్ కాల్డ్రన్ లాంటి అదనపు రూల్ పుస్తకాలు ఇప్పుడు అక్కర్లేదు, ప్లేయర్లు కొత్త సబ్‌క్లాసులు అడిగినప్పుడు చూద్దురుగాని. 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ఎవరైనా తక్కువ ధరకి ఇస్తానంటే నిరభ్యంతరంగా తీసుకోండి, పైన చెప్పిన పాత అడ్వెంచర్లన్నీ ఆ రూల్స్‌కే రాశారు. 2024 రూల్స్‌తో కూడా వాటిని ఆడించొచ్చు. కాకపోతే టేబుల్ దగ్గర అందరూ ఒకే ముద్రణ వాడాలి. ఒకరి స్పెల్ ఒకలా, ఇంకొకరి స్పెల్ ఇంకోలా ఉంటే ప్రతి పోరాటంలోనూ వాదనే. ఏది వాడుతున్నారో క్యారెక్టర్లు తయారుచేసే రోజే తేల్చేసుకోండి.