మీ ప్రశ్న – మా జవాబు: పేర్లు మారిన పాఠాలు

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. ఇంటర్మీడియట్ వరకు ప్రభుత్వ కళాశాలలో తెలుగు మాధ్యమంలో చదివి, మంచి మార్కులతో హైదరాబాద్ శివారులోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో చేరాను. తరగతిలో చెప్పేది చెవిన పడుతోంది గానీ తలకెక్కడం లేదు. సందేహం అడగాలంటే ఇంగ్లీషులో మాట కుదరక ఊరుకుంటున్నాను. మొదటి మిడ్‌లో రెండు సబ్జెక్టుల్లో మార్కులు బాగా తగ్గడంతో సిగ్గుపడి తరగతులు ఎగ్గొట్టాను. హాజరు 68 శాతానికి పడిపోయింది. రాత్రి రెండింటిదాకా ఫోను చూస్తూ గడుపుతున్నాను. నాన్న అడిగితే ‘బాగానే చదువుతున్నా’ అంటున్నాను. చదువు మానేసి ఊరెళ్లిపోదామనిపిస్తోంది. — ఒక పాఠకుడు

జవాబు: మీరు చెప్పుకున్న కష్టాల్లో గడువున్నది ఒక్కటే, కనుక ముందు దాని సంగతి చూద్దాం. జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం సెమిస్టరు మొత్తం మీద 75 శాతం హాజరు ఉండాలి. 65కూ 75కూ మధ్య ఉన్నవారికి అనారోగ్యం వంటి సరైన కారణం ఉంటే మినహాయింపు దొరకవచ్చు; 65 కంటే తగ్గితే డిటెయిన్ చేస్తారు, అంటే ఆ సెమిస్టరు మళ్లీ చదవవలసిందే. దొంగ ధ్రువపత్రం కోసం తిరగడం కంటే లెక్క వేసుకోవడం సులువు. ఇప్పటికి 200 పీరియడ్లు జరిగితే మీరు 136కు వెళ్లినట్లు. ఇకపై వరుసగా 56 పీరియడ్లు కూర్చుంటే సరిగ్గా 75 శాతం. రోజుకు ఆరు పీరియడ్ల చొప్పున అది పదో రోజుకు తీరిపోతుంది.

ఇక అసలు బాధ. మీకు చదువు రావడం లేదనుకుంటున్నారు. నాకు మాత్రం వచ్చిన చదువునే మీరు గుర్తుపట్టడం లేదనిపిస్తోంది. మాత్రిక (మ్యాట్రిక్స్) ‘కోటి’ కనుక్కోవడం ఇంటర్ మొదటి సంవత్సరంలోనే నేర్చుకున్నారు కదా, ఇంజినీరింగ్ గణితంలో బోర్డు మీద కనిపించే ‘ర్యాంక్’ అదే. ‘జడత్వ భ్రామకం’ లెక్కలు చేసిన మీరు ‘మూమెంట్ ఆఫ్ ఇనర్షియా’ అనగానే బెదిరిపోతున్నారు. ఒక లాంగ్ నోట్‌బుక్కులో పేజీని నిలువుగా మడిచి, ఎడమవైపు ఆ రోజు విన్న ఇంగ్లీషు మాట, కుడివైపు మీ తెలుగు అకాడమీ పుస్తకంలోని మాట రాసుకోండి. అందులో లేని మాటకు అర్థం మీ సొంత తెలుగులో రాయండి. తెలుగులో ఆలోచించడం నామోషీ ఏమీ కాదు. అయితే పరీక్ష ఇంగ్లీషులోనే రాయాలి గనుక, అర్థమైన ఒక్క జవాబును రోజూ అరపేజీ చొప్పున పుస్తకం మూసి ఇంగ్లీషులో రాయండి. తప్పులు దొర్లితే దొర్లనివ్వండి. సందేహాన్ని తరగతిలో అడగలేకపోతే పీరియడ్ అయ్యాక స్టాఫ్ రూముకు వెళ్లి తెలుగులోనే అడగండి. విసుక్కునే అధ్యాపకులు ఒకరిద్దరు ఉంటారేమో గానీ అందరూ అలా ఉండరు.

రాత్రి ఫోను చూడటం సరదా కోసం కాదని, తెల్లవారి తరగతి గుర్తుకు రాకుండా ఉండటానికేనని మీకూ తెలుసు. నిద్ర చాలకపోతే పగలు విన్నది మనసులో నిలవదు. పదకొండింటికి ఫోనును మంచానికి దూరంగా, గదికి అవతలి గోడ దగ్గర ఛార్జింగుకు పెట్టండి.

నాన్నగారికి ఈ ఆదివారమే చెప్పండి. మార్కులు తగ్గాయి, హాజరు తగ్గింది, పది రోజుల్లో సరిచేసుకుంటాను అని మూడు మాటలు చాలు. ఊరెళ్లిపోవాలన్న ఆలోచన ఇంకా చీకటి ఆలోచనగా మారితే ఒంటరిగా గదిలో కూర్చోవద్దు. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ‘టెలీ మానస్’ సలహాదారులు ఏ వేళలోనైనా, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: మా అమ్మాయి వరంగల్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. రోజూ ఫోన్ చేస్తే విసుక్కుంటోంది. — ఒక తల్లి

జవాబు: మీరు మొదట అడిగే మాట ఏమిటో ఒకసారి గమనించండి. ‘చదువుతున్నావా?’ అన్న ప్రశ్నకు ఏ పిల్లయినా అవునన్న జవాబే ఇస్తుంది, ఆ తర్వాత మాట ముందుకు సాగదు. మెస్‌లో ఈ రోజు ఏం వండారు, పక్క మంచం పిల్ల ఊరి నుంచి వచ్చిందా అని అడిగి చూడండి. పరీక్షల రోజుల్లో ‘ఎలా రాశావు?’ అని మీరు అడగవద్దు. పేపరు కష్టంగా వచ్చిన నాడు తనే ఫోన్ చేస్తుంది.