అద్దె ఇంట్లోకి ఓనరు చెప్పకుండా రావచ్చా?

మీరు ఆఫీసులో ఉన్న సమయంలో ఓనరు తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి చూసి వెళ్తున్నారని, అడిగితే ‘ఇల్లు నాదే కదా’ అంటున్నారని రాశారు. ఇల్లు ఆయనదే, కాదనలేము. అయితే అద్దెకు ఇచ్చినంత కాలం అది మీ స్వాధీనంలో ఉంటుంది.

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ ఇద్దరి పక్షమూ చెబుతుంది. అద్దె సక్రమంగా చెల్లిస్తూ ఒప్పందానికి కట్టుబడి ఉన్నవారు ఆటంకం లేకుండా ఆ ఇంట్లో ఉండవచ్చు. యజమాని గానీ ఆయన పంపిన మనిషి గానీ సముచితమైన వేళలో వచ్చి ఇంటి స్థితి చూస్తామంటే మాత్రం వారు అడ్డుచెప్పకూడదు. అగ్రిమెంటులో వేరుగా రాసుకుంటే అదే చెల్లుతుంది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం మరింత స్పష్టంగా, కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగా గానీ ఎలక్ట్రానిక్ మాధ్యమం ద్వారా గానీ తెలియజేయాలని, సూర్యోదయానికి ముందూ సూర్యాస్తమయం తర్వాతా రాకూడదని అంటుంది. అగ్నిప్రమాదం, వరద వంటి ఆపదలకు మినహాయింపు ఉంది. ఇది నమూనాయే కాబట్టి రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది, కానీ ఓనరుతో మాట్లాడేటప్పుడు చూపించడానికి బాగా పనికొస్తుంది.

హైదరాబాద్‌లో మేము అద్దెకున్న పోర్షన్‌కు పై అంతస్తులోనే ఓనరు గారు ఉండేవారు. ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వంటగదిలో తడి చెప్పుల గుర్తులు కనిపించాయి, సింకు కింద ఉండే బియ్యం డబ్బా గట్టు మీదికి చేరింది, వారం రోజులుగా కారుతున్న కుళాయి కారడం మానేసింది. బాగుచేయించమని అడిగింది నేనే కాబట్టి కోప్పడడానికీ నోరు రాలేదు. అయితే ప్లంబరును ఒక్కడినే లోపల వదిలి ఆయన పైకి వెళ్లిపోయారని తెలిశాక నా భార్య ఆ రాత్రి బీరువా అంతా తీసి సరిచూసుకుంది.

పోలీసుల దగ్గరికి వెళ్లమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. భారతీయ న్యాయ సంహిత ప్రకారం అక్రమ ప్రవేశం నేరం కావాలంటే నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, వేధించాలనో ఉద్దేశం ఉండాలి. కుళాయి బాగుచేయించిన మనిషిలో అది చూపించడం నా వల్ల కాదనిపించింది.

మరునాడు పైకి వెళ్లి ముందు కృతజ్ఞతలు చెప్పి, ఆ తర్వాతే విషయం ఎత్తాను. మాట్లాడుకున్నదంతా ఆ రాత్రే వాట్సాప్‌లో ఆయనకు పంపాను. పదకొండు నెలల అగ్రిమెంటు తిరగరాసుకున్నప్పుడు, మరమ్మతులకైనా, ఖాళీ చేసే ముందు కొత్తవారికి ఇల్లు చూపించడానికైనా ఒక రోజు ముందు చెప్పాలనే షరతు చేర్పించాం. ఇల్లు చూపించే విషయం తప్పక రాయించుకోండి, టు-లెట్ బోర్డు పెట్టాక అసలు తగవు అక్కడే వస్తుంది. ఆయనకు తెలిపి తాళం మార్చి, కొత్త తాళంచెవి ఒకటి కవరులో పెట్టి, అతికించిన చోట ఇద్దరం సంతకాలు చేసి ఆయనకే ఇచ్చాం. ఆ కవరు ఒక్కసారే చిరిగింది: మేము ఊరెళ్లినప్పుడు గీజరు పైపు పగిలి నీళ్లు గడప దాటి మెట్ల మీదికి వచ్చాయట. చింపే ముందు ఫోన్ చేశారు.