కిస్‌పెప్టిన్ పనితనం ఎందుకు తగ్గుతోంది?

ప్రశ్న: కిస్‌పెప్టిన్-10ను (పునరుత్పత్తి హార్మోన్ల విడుదలను ప్రేరేపించే పెప్టైడ్, అంటే చిన్న ప్రొటీన్ ముక్క) నీటిలో కరిగించి ఫ్రీజర్‌లో ఉంచాం. అదే గొట్టం రోజూ తీసి వాడుతుంటే కణాల్లో కాల్షియం స్పందన రానురానూ తగ్గుతోంది. కారణమేమిటి?

జవాబు: మొదట అనుమానించాల్సింది రోజూ కరిగించి మళ్లీ గడ్డకట్టించడాన్నే. మానవ రూపం అణుభారం 1302. అంటే 1 మి.గ్రా. పెప్టైడ్‌కు 768 మైక్రోలీటర్లు పోస్తే 1 మిల్లీమోలార్ ద్రావణం. (పొడి బరువులో లవణాలు, తేమ కలిసే ఉంటాయి. తయారీదారు ఇచ్చే సర్టిఫికెట్‌లోని నికర పెప్టైడ్ శాతంతో లెక్క సరిచేయాలి.) దాన్ని ఒక్కసారికి సరిపడే వంతులుగా పంచి మైనస్ 80 డిగ్రీల వద్ద దాచండి. నానోమోలార్‌కు పలచన చేసే బఫర్‌లో 0.1 శాతం బీఎస్‌ఏ (ఆవు రక్తం నుంచి తీసే ఆల్బుమిన్ ప్రొటీన్) లేకపోతే పెప్టైడ్ ప్లాస్టిక్ గోడలకే అతుక్కుపోతుంది; చాలామంది నష్టపోయేది ఇక్కడే. అవే కణాలకు పదేపదే ఇచ్చినా గ్రాహకం (పెప్టైడ్‌ను గుర్తించే కణంలోని ప్రొటీన్) మొద్దుబారుతుంది. ప్రతి మోతాదుకూ కొత్త వెల్ (కణాలు పెంచే ప్లేట్‌లోని గుంట) వాడండి.