గర్భిణి టీచరును ముందే సెలవుపై పంపవచ్చా?

ప్రశ్న: అమెరికాలో ఒక ప్రభుత్వ పాఠశాలలో నాలుగేళ్లుగా సైన్సు బోధిస్తున్నాను. ఇప్పుడు ఐదో నెల. బాత్రూంకు వెళ్లి వచ్చే ఐదు నిమిషాలు నా తరగతిని ఎవరైనా చూసుకునే ఏర్పాటు చేయమని అడిగితే, ‘అంత ఇబ్బందైతే ఇప్పుడే సెలవు పెట్టండి, సబ్‌స్టిట్యూట్‌ను చూసుకుంటాం’ అన్నారు ప్రిన్సిపల్. సెలవంతా ఇప్పుడే కరిగిపోతే కాన్పు తర్వాత నా గతేమిటి?
– ఒక పాఠకురాలు

జవాబు: మిమ్మల్ని అలా పంపే హక్కు వారికి లేదు. గర్భిణి టీచరు కాన్పుకు ఐదు నెలల ముందే జీతం లేని సెలవుపై వెళ్లాలని, బిడ్డకు మూడు నెలలు నిండాక మొదలయ్యే సెమిస్టరు దాకా తిరిగి రాకూడదని క్లీవ్‌లాండ్ విద్యా బోర్డు ఒకప్పుడు పెట్టిన నియమాన్ని అక్కడి సుప్రీంకోర్టు 1974లోనే కొట్టివేసింది. మీ ప్రిన్సిపల్ మాటలో ఆ పాత వాసనే ఉంది.

ఇప్పుడు మీకు నేరుగా పనికొచ్చేది 2023 జూన్ 27న అమల్లోకి వచ్చిన గర్భిణి ఉద్యోగుల చట్టం. మరో సముచితమైన ఏర్పాటుతో మీరు పని చేయగలిగినప్పుడు బలవంతంగా సెలవుపై పంపడాన్ని అది నిషేధిస్తుంది. అదనపు బాత్రూం విరామం, దగ్గర నీళ్ల సీసా ఉంచుకోవడం, కూర్చుని పాఠం చెప్పడం వంటివి దాదాపు ఎప్పుడూ ఒప్పుకోవలసినవేనని సమాన ఉపాధి అవకాశాల కమిషన్ (ఈఈఓసీ) 2024 నిబంధనలు చెబుతున్నాయి. పిల్లలను ఒంటరిగా వదలలేకపోవడం నిజమైన సమస్యే. కానీ పక్క గది టీచరో, ఆఫీసు సిబ్బందిలో ఒకరో వచ్చి నిలబడితే తీరే సమస్య అది. నోటితో అడిగినా చెల్లుతుంది, కానీ ఆధారం మిగిలేలా ఈరోజే హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ పెట్టండి.

అర్హత ఉన్నవారికి ఫెడరల్ చట్టం ఇచ్చే 12 వారాల జీతం లేని సెలవును కాన్పుకే దాచుకోండి. టీచర్లకు ఇందులో ఒక మెలిక ఉంది: సెమిస్టరు ముగియడానికి ఐదు వారాలకన్నా ముందు మొదలై, కనీసం మూడు వారాలు సాగిన సెలవు తర్వాత మీరు చేరవలసిన రోజు చివరి మూడు వారాల్లో పడితే, సెమిస్టరు పూర్తయ్యేదాకా ఆగమని పాఠశాల అనవచ్చు. అయితే మీరు పనికి సిద్ధమయ్యాక వారు ఆపిన రోజులను ఆ 12 వారాల్లో లెక్కించకూడదు.

మీ అభ్యర్థనను కాదంటే, ఆ రోజు నుంచి 180 రోజుల్లో, రాష్ట్రంలో ఇలాంటి వివక్షను విచారించే సంస్థ ఉంటే 300 రోజుల్లో, ఈఈఓసీకి ఫిర్యాదు చేయాలి. యూనియన్ తరఫున గ్రీవెన్స్ నడుస్తున్నా సాధారణంగా ఆ గడువు ఆగదు.