టైమ్ లేదని పరుగులు పెట్టకు

అమ్మడూ,

ఎమ్మెస్సీకి రెండేళ్లు, పీహెచ్‌డీకి ఇంకో ఐదారేళ్లు, అంతదాకా నేనుంటానో లేదో అత్తా, ఇప్పుడే ఏదో ఒక క్యాన్సర్ పరిశోధన ల్యాబ్‌లో చేరిపోతాను అని రాశావు. ముందు ఆ మాట పక్కన పెట్టు. నీకొచ్చింది సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్. నువ్వు వేసుకునే ఇమాటినిబ్ మాత్ర బాగా పనిచేస్తోందని, ఒంట్లో జబ్బు ఎంత మిగిలిందో చూసే మొన్నటి పీసీఆర్ రిపోర్టులోనే ఉంది, మీ నాన్న పంపితే చూశాను. ఇలా మందుకు లొంగినవాళ్లు ఇప్పుడు ఇంచుమించు అందరిలాగే నిండా బతుకుతున్నారు. ఊరికే ధైర్యం చెబుతున్నాననుకోకు, మీ డాక్టరుగారిని అడుగు. ముప్ఫై ఏళ్లు ఈ పనిలో ఉండబోయే మనిషిలా ప్లాన్ వేసుకో.

హాస్టల్ దగ్గర ఎవరో రెండు వారాల్లో క్యాన్సర్ రీసెర్చ్ నేర్పించి సర్టిఫికెట్ ఇస్తామని పాతికవేలు అడుగుతున్నారన్నావు, కట్టకు. ఆ కాగితాన్ని మంచి ల్యాబుల్లో ఎవరూ పట్టించుకోరు. దాని బదులు మన మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి అప్లై చెయ్యి. రెండు నెలలు నిజంగా పరిశోధన చేస్తున్న సైంటిస్టు దగ్గర పని, స్టైపెండ్ వాళ్లే ఇస్తారు. తర్వాత ఎమ్మెస్సీ సీటు కోసం జామ్, గ్యాట్-బీ, సీయూఈటీ పీజీ ఎంట్రన్సులు, వీటితోపాటు ఏపీ పీజీసెట్ కూడా రాయి. నాగార్జునలో సీటొస్తే చిన్నతనంగా అనుకోకు, ఇంటికీ దగ్గర, నీ ఆసుపత్రికీ దగ్గర. ఎమ్మెస్సీలో ఉండగానే సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష మీద గట్టిగా కూర్చో, అందులో జేఆర్ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 నీ చేతిలో ఉంటుంది, మందులకు మీ నాన్న వైపు చూడక్కర్లేదు.

పీహెచ్‌డీకి ఊరు ఎంచుకునేటప్పుడు మాత్రం అందరిలా ల్యాబ్ పేరొక్కటే చూడకు, అక్కడ రక్త జబ్బులు చూసే హెమటాలజీ ఓపీ ఉందా అని కూడా చూసుకో. నవీ ముంబైలో యాక్ట్రెక్ అనే క్యాన్సర్ పరిశోధన కేంద్రం ఉంది, అది టాటా మెమోరియల్ ఆసుపత్రివాళ్లదే. తిరువనంతపురంలో రాజీవ్ గాంధీ బయోటెక్నాలజీ సెంటర్ ఉంది, ఆ ఊళ్లోనే రీజనల్ క్యాన్సర్ సెంటర్ కూడా ఉంది. హైదరాబాద్‌లో పరిశోధనకి సీసీఎంబీ ఉంది, వైద్యానికి నిమ్స్ ఆసుపత్రి ఉంది. మూడు నెలలకోసారి టెస్టుకు రైలెక్కి బెజవాడ రావాల్సిన అవసరం లేని చోటు వెతుక్కో.

నువ్వు రోజూ మింగే ఆ మాత్ర చరిత్ర ఒకసారి చదువు. 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్ ఈ జబ్బున్నవాళ్ల రక్తకణాల్లో ఉండాల్సిన దానికన్నా చిన్నగా ఉన్న క్రోమోజోమ్‌ను చూశారు. అదెందుకలా ఉందో తేలింది 1973లో. చికాగోలో జానెట్ రౌలీ అనే ఆవిడ క్రోమోజోముల ఫొటోలు కత్తిరించుకుని, ఇంట్లో భోజనాల బల్ల మీద పరిచి పోల్చుకుంటూ, 9, 22 క్రోమోజోములు ఒకదాని ముక్క ఇంకొకటి మార్చుకున్నాయని పట్టేసింది. నలుగురు మగపిల్లల్ని పెంచుతూ ఆవిడ ఏళ్ల తరబడి వారంలో కొద్ది రోజులే పనిచేసింది. ఆ మార్పిడివల్ల పుట్టిన ప్రొటీన్‌ను ఆపే మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది 2001లో. పన్నెండు గంటలు ల్యాబ్‌లో నిలబడలేను కదా అని నువ్వు దిగులుపడుతుంటే నాకు ఆ బల్ల గుర్తొస్తుంది. ఈ పనికి ఓపిగ్గా చూసే కన్ను కావాలి, అది నీకుంది, నీ రికార్డు పుస్తకంలో స్లైడ్ల బొమ్మలు చూశాను.

ఇంకో సంగతి. ఒకప్పుడు నెలకు లక్ష దాటిన ఆ మందు మనకు అందుబాటులోకి రావడానికి మైక్రోస్కోపు ఒక్కటే సరిపోలేదు. పేటెంట్ కోసం ఆ మందు తయారుచేసిన నోవార్టిస్ కంపెనీ వేసిన కేసును సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న కొట్టేసింది కాబట్టి నాట్కో లాంటి మన కంపెనీలు అదే మందును చవగ్గా చేసే జనరిక్ మాత్రలు ఆగలేదు. మన గుంటూరు పెద్దాసుపత్రిలో క్యాన్సర్ సెంటర్ కట్టించిందీ ఆ నాట్కోవాళ్లే. క్లినికల్ ట్రయల్స్, స్టాటిస్టిక్స్, మందుల ధరల మీద చదువు, ఇవన్నీ క్యాన్సర్ పరిశోధనే. టీసీజీఏ అనే క్యాన్సర్ జన్యువుల డేటా పదకొండు వేలమందికి పైగా రోగులది ఉచితంగా దొరుకుతుంది. డేటా చూడ్డానికి వాడే ఆర్, పైథాన్ ప్రోగ్రామింగ్ ఇప్పుడే మొదలుపెట్టు, నీరసంగా ఉన్న రోజు మంచం మీద కూర్చుని కూడా పనిచేసుకోవచ్చు.

ఇక ఒంటి సంగతి. రూమ్‌మేట్స్ చూస్తారని పొద్దున్నే బాత్‌రూమ్‌లో ఖాళీ కడుపున మాత్ర మింగుతున్నావంట, మీ అమ్మ చెప్పింది. వాంతులు రాక ఏమవుతాయి? మెస్‌లో భోజనం చేసి, పెద్ద గ్లాసుడు నీళ్లతో వేసుకో, అక్కడే, అందరి ముందే. ఎవరైనా అడిగితే రక్తానికి మందు అని చెప్పు, చాలు. పరీక్షల టెన్షన్‌లో మానేసి తర్వాత వేసుకుందాంలే అనుకుంటే మాత్రం పీసీఆర్ నంబరు పైకి లేస్తుంది. ఏ చదువూ ఆ ఒక్క డోసు కన్నా ముఖ్యం కాదు. పిక్కలు పట్టేయడం, కళ్ల కింద వాపు ఎక్కువైతే డాక్టరుగారికి చెప్పు, నీ అంతట నువ్వు డోసు తగ్గించుకోకు.

ల్యాబ్‌లో చేరాక గైడ్‌కి చెప్పాలా అన్నావు. సీటొచ్చేదాకా చెప్పనక్కర్లేదు, వచ్చాక ఆయనకొక్కడికీ చెప్పు, డాక్టరుగారి లెటర్ ఇవ్వు, మిగతా ల్యాబ్‌కి నీ ఇష్టం. 2016 వికలాంగుల చట్టంలో తలసీమియా, హీమోఫీలియా ఉన్నాయి గానీ క్యాన్సర్ లేదు, కాబట్టి ఆ కోటా మీద ఆశ పెట్టుకుని కూర్చోకు.

ఒక విషయానికి మాత్రం నువ్వు ముందే సిద్ధపడాలి. ల్యాబ్‌లో ఒకరోజు నీ చేతికి కే562 అని రాసిన కణాల ఫ్లాస్క్ ఇస్తారు. ఆ కణాలు నీలాగే సీఎంఎల్ ఉన్న 53 ఏళ్ల ఆవిడ నుంచి తీసినవి, జబ్బు ముదిరిన దశలో, ఈ మందు ఇంకా లేని రోజుల్లో. గులాబీరంగు ద్రవంలో ఉంటాయి, రెండు రోజులకోసారి ఆ ద్రవం మార్చాలి. చెయ్యి వణికితే పక్కన పెట్టి బయటికెళ్లి టీ తాగు. అలాగే పేపర్లలో బతికున్నవాళ్ల గ్రాఫు కిందికి దిగుతుంటే అందులో నిన్ను నువ్వు వెతుక్కుంటావు, ఎవరైనా అంతే. ఆ పూట నాకు ఫోన్ చెయ్యి, రాత్రి ఎంతయినా సరే. అది రోజూ భరించలేనిదిగా అనిపిస్తే రొమ్ము క్యాన్సరో, నోటి క్యాన్సరో ఎంచుకో. నీ జబ్బు మీదే పనిచేయాలని ఎక్కడా రాసిలేదు.

ఆదివారం గుంటూరు వచ్చెయ్, మామయ్య స్టేషన్‌కి వస్తారు. ఫెలోషిప్‌కి పంపాల్సిన ఆ ఒక్క పేజీ రాసుకునే రా. మొదటి వాక్యం నీ జబ్బు గురించి అయితే దాన్ని కిందికి జరిపి, ఆ క్రోమోజోమ్ విషయంలో నీకు ఇంకా అర్థంకానిదేమిటో పైన రాయి.

అత్తయ్య, బ్రాడీపేట