పాఠకుల ప్రశ్నలు: ముంపు ఊరి నవల

ప్రశ్న: శ్రీశైలం ముంపులో పోయిన ఊరి మీద నవల రాస్తున్నాను. మూడో అధ్యాయానికే ఊరు మునిగిపోతోంది. తర్వాత ఏడుపు తప్ప ఏమీ లేదని చదివినవాళ్లు అంటున్నారు. ఎలా సరిచేయాలి?

జవాబు: నీళ్లను వెనక్కి జరపండి. 20 అధ్యాయాల నవలైతే 15వ అధ్యాయం దాకా అవి రాకూడదు. ముంపు ఊరికి ముందొచ్చేది కాగితం. అప్పటికి అమల్లో ఉన్నది 1894 భూసేకరణ చట్టం: 4వ సెక్షన్ నోటిఫికేషన్, 6 కింద డిక్లరేషన్, 9 కింద నోటీసులు, 11 కింద అవార్డు, అంటే పరిహారం ఎంతో తేల్చే ఉత్తర్వు. వీటి మధ్య గడిచే కాలంలోనే మీ కథంతా ఉంది. ఈ పండక్కి గోడలకు సున్నం కొట్టాలా వద్దా? మునిగే ఊరికి పిల్లనెవరిస్తారు? 1981లో ఊళ్లు ఖాళీ చేయించడం దీనికి చివరి అంకం.

భూమి పరిహారం చాలావరకు పట్టా ఉన్నవాళ్లకే. కళ్లంలో మేర తీసుకుని బతికే వడ్రంగి నష్టానికి అవార్డులో లెక్క లేదు. ఆయనకు గింజలు కొలిచే రైతులు తలో దిక్కూ పోయారు. ఆయన వైపు నుంచి రాస్తే నవల చాలా బలపడుతుంది.

ఆయన చేతే ఒక ద్వారబంధం ఊడదీయించండి. ముందు పైగోడ దించాలి. ఆ బరువుండగా కదిలిస్తే బంధం కర్ర చీలుతుంది. తలుపులు విప్పి, గోడలోకి దిగిన కొసల చుట్టూ మట్టి గీకి, గడపతో సహా ఒక్కటిగా వాల్చాలి. కొత్తచోట గోడ సన్నం, పాత బంధం బయటికి పొడుచుకొస్తుంది. ఈ పనికి రెండు పేజీలివ్వండి. ‘గుండె బరువెక్కింది’ లాంటి వాక్యం ఒక్కటీ వద్దు.

జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. ఎండాకాలం మట్టం దిగితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. మీ ఊరి పునాదులూ అలాగే తేలొచ్చు. చివరి అధ్యాయాలకు ఆ ఎండాకాలాన్ని వాడుకోండి.

ప్రశ్న: ఆ ఊరు చూడని మనవరాలి పాత్రకు పాత ఊరి యాస పెట్టాలా?

జవాబు: పూర్తిగా వద్దు. ఏరు లేని పునరావాస కాలనీలో కూడా అవ్వ ‘ఏటిపక్క వీధి’ అంటుంది. మనవరాలు అదే మాట అర్థం తెలియకుండా వాడుతుంది. ఇలాంటి దారి గుర్తులు మూడు నాలుగు చాలు. ఎవరైనా ‘మీదేవూరు?’ అంటే అవ్వ మునిగిన పేరు చెప్పాలి, పిల్ల కాలనీ పేరు చెప్పాలి. ఇద్దరినీ సరిదిద్దకండి.