పాత పనికి కొత్తవారిని తీసుకుంటే

ప్రశ్న: మాది ఒడిశా రాయగడ జిల్లాలోని గుణుపురం. ఉప్పుడు బియ్యం మిల్లులో పంతొమ్మిదేళ్లు బాయిలర్ దగ్గర పనిచేశాను. సర్టిఫికెట్ కూడా ఉంది. పని తగ్గిందని ఎనిమిది నెలల క్రితం నలుగురిని తీసేశారు. ఇప్పుడు అదే మిల్లు కొత్తవారిని తీసుకుంటూ, 35 దాటినవారు వద్దంటోంది. నాకు 51 ఏళ్లు. ఇది చట్టవిరుద్ధం కాదా? వేరేచోట వయసు తగ్గించి చెప్పమని మా బావమరిది అంటున్నాడు. చెప్పవచ్చునా?

జవాబు: వయసు కారణంగా ప్రైవేటు యజమాని ఉద్యోగం నిరాకరించడాన్ని నేరుగా నిషేధించే సాధారణ చట్టం మన దేశంలో లేదు. రాజ్యాంగంలోని 16వ అధికరణం ప్రభుత్వోద్యోగాలకే వర్తిస్తుంది. అందులో పేర్కొన్న మతం, జాతి, కులం, లింగం, వంశం, జన్మస్థలం, నివాసం అనే కారణాల వరుసలోనూ వయసు లేదు. అమెరికాలో నలభై దాటినవారికి 1967 నుంచి అటువంటి రక్షణ ఉంది. మీరు అడిగినది వేరే మిల్లు గురించే అయితే నా సమాధానం ఇక్కడితో ముగిసేది.

కానీ మిమ్మల్ని తీసేసిన మిల్లే మనుషులను తీసుకుంటోంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, పని తగ్గిందని కార్మికులను తొలగించిన యజమాని ఏడాదిలోపు మళ్లీ ఎవరినైనా తీసుకోదలిస్తే, తొలగించినవారికి అవకాశం ఇవ్వాలి. వారు వస్తామంటే కొత్తవారికంటే వారికే ప్రాధాన్యం. మీకు నాలుగు నెలలే మిగిలాయి కనుక, పనికి సిద్ధంగా ఉన్నానని మిల్లుకు వెంటనే స్పీడ్ పోస్టులో రాసి, ఆ రసీదు నకలుతో జిల్లా లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టండి. అర్జీని ఒడియాలో రాయించుకోవడం మేలు. తీసేసిన రోజున మీచేత రాజీనామా కాగితంపై సంతకం పెట్టించుకుని ఉంటే మాత్రం (ఇది తరచూ జరిగేదే) మీ వాదన బలహీనపడుతుంది. ఆ సంగతి దాచకుండా అక్కడే చెప్పండి.

గ్రాట్యుటీ ముట్టిందో లేదో మీరు రాయలేదు. చివరి నెల జీతం 13,000 రూపాయలనుకుంటే, ఏడాదికి పదిహేను రోజుల లెక్కన, నెలకు 26 పనిదినాలుగా తీసుకుని, పంతొమ్మిదేళ్లకు 1,42,500 రూపాయలు రావాలి. తొలగింపు పరిహారం దీనికి వేరు.

బావమరిది సలహా పాటించకండి. మీ పుట్టిన తేదీ పీఎఫ్ ఖాతాలో ఇప్పటికే ఉంటుంది. కొత్తచోట వేరే తేదీ ఇస్తే, రేపు పింఛనుకు దరఖాస్తు చేసినప్పుడు ఆ తేడాయే అడ్డుపడుతుంది. దరఖాస్తులో వయసుకన్నా ముందు బాయిలర్ సర్టిఫికెట్‌నూ, పంతొమ్మిదేళ్ల అనుభవాన్నీ రాయండి.